గుడ్డు నాణ్యతకు పెంకే సాక్షి
(సందేహాలు – సమాధానాలు)

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ గుడ్డు గురించే. రైతులు నష్టాల గురించి రాశారు, గృహిణులు అనుమానాలు రాశారు, విద్యార్థులు ఆసక్తికొద్దీ అడిగారు. ఎవరు ఏది అడిగినా జవాబు పెంకు దగ్గరికే వచ్చి ఆగుతోంది. మిల్లీమీటరులో మూడో వంతు మందం ఉండే ఆ పెంకును చూసి కోడి ఏం తిన్నదో, ఏ నీళ్లు తాగిందో, ఎంత ఎండకు తట్టుకుందో, ఏ జబ్బు పడిందో చాలావరకు చెప్పవచ్చు. అందుకే దాన్ని పగలగొట్టి పారేసే ముందు ఒకసారి పరికించి చూడమని అందరికీ నా మనవి.

డాక్టరు గారూ, మాకు లేయర్ ఫారం ఉంది. ఏటా ఎండలు ముదిరేసరికి పెంకు పల్చబడి, ట్రేల్లో పగుళ్ల గుడ్లు పెరిగిపోతున్నాయి. దాణాలో సున్నపురాయి పొడి పెంచినా గుణం కనిపించడం లేదు. ఏం చేయమంటారు?
— ఒక కోళ్ల రైతు, అనపర్తి

మీ కోళ్లకు కొరవడింది కాల్షియం ఒక్కటే కాదు. పెంకులో నూటికి 94, 95 పాళ్లు కాల్షియం కార్బొనేట్ ఉంటుంది. అందులో కాల్షియం దాణా నుంచి వస్తుంది. కార్బొనేట్ మాత్రం కోడి ఒంట్లో పుట్టే కార్బన్ డయాక్సైడ్ నుంచి తయారవుతుంది. కోడికి చెమట పట్టదు కాబట్టి, వేడి పెరిగితే నోరు తెరిచి రొప్పుతుంది. ఆ రొప్పులో కార్బన్ డయాక్సైడ్ బయటికి పోయి, రక్తంలో బైకార్బొనేట్ పడిపోతుంది. అప్పుడు సంచిలో ఎంత సున్నం ఉన్నా పెంకు కట్టే చోటికి రెండో సరుకు అందదు. దానికితోడు ఎండకు కోడి మేత తగ్గిస్తుంది. 1980లలో అమెరికాలోని ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో కోళ్లకు గ్యాస్ కలిపిన సోడా నీళ్లు తాగించి చూశారు. వేడిలోనూ పెంకు మెరుగుపడింది. మన షెడ్డుల్లో అది కుదిరే పని కాదు గానీ, లోపం ఎక్కడుందో ఆ ప్రయోగం తేటతెల్లం చేసింది.

ఇక మీరు చేయగలిగినవి చెబుతాను. మొదటిది, సున్నం ఎంత వేశారన్నదానితోపాటు ఎప్పుడు వేశారు, ఏ సైజులో వేశారు అన్నది చూడండి. గుడ్డు తయారవడానికి 24 నుంచి 26 గంటలు పడితే, అందులో 18 నుంచి 20 గంటలు పెంకుకే పోతాయి. ఆ పని జోరుగా సాగేది రాత్రిపూట. రాత్రి కోడి మేత ముట్టదు. మెత్తటి పొడి త్వరగా కరిగి జారిపోతుంది. 2 నుంచి 4 మిల్లీమీటర్ల గ్రిట్ అయితే కందనకాయలో నిలిచి తెల్లవార్లూ కొద్దికొద్దిగా కరుగుతుంది. కాబట్టి కొంత భాగాన్ని గ్రిట్ రూపంలో సాయంత్రం మేతలో వేయండి. అది లేకపోతే కోడి తన ఎముకల నుంచి తీస్తుంది. ఒక్క పెంకుకు 2 గ్రాములకు పైగా కాల్షియం కావాలి. కోడి ఒంట్లో ఉన్నదంతా కలిపితే 20 గ్రాముల చిల్లర. రోజూ అందులో పదో వంతు తీసి ఇస్తున్న జీవి అది. లోటు పూడ్చకపోతే పెంకుతో పాటు కాళ్లూ దెబ్బతింటాయి.

రెండోది నీళ్లు. సముద్రానికి దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగే నీటిలో ఉప్పు ఎక్కువైతే పెంకు బలహీనపడుతుందని ఆస్ట్రేలియాలో సిడ్నీ విశ్వవిద్యాలయ పరిశోధకులు చూపించారు. మీ బోరు నీటిని ఒకసారి పరీక్ష చేయించండి. దాణాలో వేసే ఉప్పులో కొంత తగ్గించి వంటసోడా కలపడం ఎండాకాలంలో మేలు చేస్తుంది. మోతాదు మాత్రం మీ దాణా నిపుణుడు చెప్పినంతే వేయండి.

మూడోది, మేతను తెల్లవారుజామునకు, చల్లబడిన సాయంత్రానికి మార్చండి. నీటి పైపులకు నీడ కల్పించండి, షెడ్డు కప్పుకు తెల్లసున్నం వేయించండి. కోస్తాలో గాలిలో తేమ ఎక్కువ కాబట్టి ఫాగర్ల కన్నా గాలి ఆడేలా చేయడమే ఎక్కువ ఫలితమిస్తుంది. చివరగా మీ బ్యాచ్ వయసు చూసుకోండి. కోడి ముదిరేకొద్దీ గుడ్డు పెద్దదవుతుంది, పెంకుకు ఇచ్చే సున్నం మాత్రం ఆ లెక్కన పెరగదు. ఉన్నదే పెద్ద గుడ్డు మీద పరుచుకుని పల్చబడుతుంది. అలాంటి బ్యాచ్‌కు ఏ మందు వేసినా ఫలితం కొంతవరకే.

పెరట్లో నాలుగు పెట్టలు పెంచుకుంటున్నాం. ఒకటి ఉన్నట్టుండి తోలుగుడ్డు పెట్టింది. పెంకు లేదు, పట్టుకుంటే మెత్తగా ఉంది. ఇంటికి అరిష్టమని అత్తయ్యగారు కంగారు పడుతున్నారు.
— ఒక గృహిణి, నల్గొండ జిల్లా

అత్తయ్యగారిని నిశ్చింతగా ఉండమనండి. గుడ్డు పెంకు కట్టే చోట ఉండవలసినంతసేపు ఉండకుండా ముందే బయటికి వచ్చేసింది, అంతే. కొత్తగా గుడ్డుకొచ్చిన పెట్టల్లో ఇది మామూలు. కుక్కో పిల్లో రాత్రి బెదరగొట్టినా జరుగుతుంది. ఒకటి రెండుసార్లతో ఆగిపోతే పట్టించుకోనక్కర్లేదు.

పదే పదే పెడుతుంటే సున్నం చాలడం లేదని అర్థం. వంటింట్లో మిగిలిన పెంకులను ఉడకబెట్టి, ఎండబెట్టి, గుడ్డు ఆకారం గుర్తుపట్టలేనంతగా నలిపి విడిగా గిన్నెలో పెట్టండి. కావలసినంత అదే తింటుంది. పెద్ద ముక్కలు వేస్తే గుడ్లు పొడుచుకు తినడం నేర్చుకుంటుంది. నాలుగు పెట్టలూ ఒకేసారి తోలుగుడ్లు, ముడతల గుడ్లు, పాలిపోయిన గుడ్లు పెడుతుంటే మాత్రం జబ్బు అనుమానించాలి. గుడ్డు కట్టే గొట్టాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బులు కొన్నున్నాయి. కొక్కెర తెగులూ పెంకును చెడగొడుతుంది. పశువుల ఆసుపత్రిలో చూపించండి, టీకాలు వేయించండి.

గుడ్లు తేగానే కడిగి ఫ్రిజ్‌లో పెట్టడం నాకు అలవాటు. కడగకూడదని ఈమధ్య ఎవరో అన్నారు. అమెరికాలో ఉన్న మా అమ్మాయి అక్కడ కడిగిన గుడ్లే అమ్ముతారంటోంది. ఏది నమ్మాలి?
— ఒక పాఠకురాలు, విజయవాడ

ఇద్దరూ నిజమే చెప్పారు. పెంకుకు కంటికి కనబడని సన్నటి రంధ్రాలు 7,000 నుంచి 17,000 దాకా ఉంటాయి. లోపలి పిల్ల ఊపిరి కోసం ఏర్పడిన దారులవి. ఆ దారిలో క్రిములు చొరబడకుండా, పెట్టే ముందు కోడి పెంకు మీద పల్చటి మాంసకృత్తు పూత పూస్తుంది. కడిగితే, ముఖ్యంగా రుద్ది కడిగితే ఆ పూత పోతుంది. చన్నీళ్లతో కడిగితే ఇంకో ప్రమాదం ఉంది. లోపలి పదార్థం చల్లబడి కుంచించుకుని, పెంకు మీది మురికినీటిని రంధ్రాల గుండా లోపలికి లాక్కుంటుంది.

అమెరికాలో గుడ్డు కన్నా వేడిగా ఉన్న నీటితో యంత్రాల మీద కడిగి, వెంటనే ఆరబెట్టి, అక్కడినుంచి ఇంటిదాకా చల్లదనంలోనే ఉంచుతారు. యూరప్ దేశాల్లో మొదటి తరగతి గుడ్డును కడగకూడదన్నది నిబంధన, పూతే రక్షణ అన్నది వారి పద్ధతి. కడిగి బయట వదిలేయడం ఈ రెండు పద్ధతుల్లో ఏదీ కాదు. మనకు బజారులో బయట పెట్టి అమ్మేవే దొరుకుతాయి. కాబట్టి మురికి ఉంటే పొడిబట్టతో తుడిచి ఫ్రిజ్‌లో పెట్టండి. వండే ముందు కడుక్కోండి. ఫ్రిజ్‌లోంచి తీసి గంటల తరబడి బయట ఉంచి మళ్లీ లోపల పెట్టకండి. పెంకు మీద పట్టే చెమ్మ క్రిములకు దారి చేసిపెడుతుంది. పగిలిన గుడ్డు చవగ్గా వస్తోందని కొనకండి.

మా వాట్సాప్ గ్రూపులో ప్లాస్టిక్ గుడ్ల వీడియో తిరుగుతోంది. పెంకు లోపల ప్లాస్టిక్ కాగితంలాంటి పొర చూపిస్తున్నారు, దాన్ని కాలిస్తే మండుతోంది. మా ఇంట్లో గుడ్డులోనూ అదే పొర ఉంది. పిల్లలకు పెట్టడం మానేశాను.
— ఒక తల్లి, వరంగల్

దయచేసి మళ్లీ పెట్టండి. ప్లాస్టిక్ గుడ్డు అనేది లేదు. మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ కూడా ఈ మాట స్పష్టంగా చెప్పింది.

మీరు చూసిన పొర ప్రతి గుడ్డులోనూ ఉంటుంది. నిజానికి అవి రెండు పొరలు, మాంసకృత్తుల పోగులతో అల్లుకున్నవి. పెంకు గట్టిపడేది వాటి మీదే. కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, ఎందుకంటే రెండూ గంధకం ఎక్కువగా ఉన్న మాంసకృత్తులే. ఇక పచ్చసొన రబ్బరులా సాగిందంటారా, ఫ్రిజ్‌లో గడ్డకట్టే చోట పెట్టిన గుడ్డు సొన కరిగాక కూడా జిగురుముద్దగానే ఉంటుంది. పత్తిగింజల చెక్క ఎక్కువగా తిన్న కోళ్ల గుడ్లు చల్లటి చోట నిలవుంటే కూడా అలాగే అవుతాయి. తెల్లసొన నీళ్లలా కారితే అది ఎండల్లో ఎక్కువ రోజులు నిలవున్న గుడ్డు.

ఇంకా అనుమానముంటే పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఒక పెంకు ముక్క మీద నిమ్మరసం పిండండి. చిన్న చిన్న బుడగలు లేస్తాయి. సున్నం పులుపుతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదిలిన గుర్తు అది. ప్లాస్టిక్ అలా పొంగదు.

తెల్ల గుడ్డు కన్నా గోధుమరంగు నాటుగుడ్డులో బలం ఎక్కువంటారు, ధరా ఎక్కువే. నిజమేనా?
— ఒక విశ్రాంత ఉద్యోగి, హైదరాబాద్

పెంకు రంగు కోడి జాతిని చెబుతుంది గానీ గుడ్డు బలాన్ని చెప్పదు. వైట్ లెగార్న్ పెట్ట తెల్ల గుడ్డు పెడుతుంది, రోడ్ ఐలాండ్ రెడ్ గోధుమరంగు గుడ్డు పెడుతుంది. రాజేంద్రనగర్‌లోని పౌల్ట్రీ పరిశోధనా సంస్థ పెరటి పెంపకం కోసం తయారుచేసిన గ్రామప్రియ గుడ్లూ గోధుమరంగువే. ఆ రంగు పెంకు కట్టడం చివరికొచ్చాక పడే ప్రోటోపార్ఫిరిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. చిలీ దేశపు అరౌకానా కోళ్లు నీలి గుడ్లు పెడతాయి. ఎప్పుడో ఒక వైరస్ తన జన్యుపదార్థాన్ని కోడి జన్యువుల మధ్య వదిలి వెళ్లడం వల్ల ఆ రంగు వచ్చిందని 2013లో శాస్త్రవేత్తలు నిర్ధారించారు. తినేవారికి ఈ రంగులన్నీ ఒకటే.

పచ్చసొన రంగు మేతను బట్టి ఉంటుంది. మొక్కజొన్న, పచ్చిగడ్డి, ఆకులు తింటే ముదురుగా, నూకలూ తవుడూ తింటే పాలిపోయి ఉంటుంది. ఆరుబయట తిరిగి ఆకూ పురుగూ తిన్న కోడి గుడ్డులో కొన్ని విటమిన్లు, మేలుచేసే కొవ్వులు కొంచెం ఎక్కువ ఉండవచ్చు. అది తిరిగి తిన్న తిండి గొప్పదనమే గానీ పెంకు రంగుది కాదు. నాటుగుడ్డని చెప్పి రంగు పూసి అమ్ముతున్నారన్న అనుమానం వస్తే తడిగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి. సహజమైన రంగు నీళ్లకు గుడ్డకు అంటుకోదు.

కొత్త గుడ్లు ఉడికిస్తే పెంకుతో పాటు సొన కూడా ఊడొచ్చేస్తోంది. పాతవైతే శుభ్రంగా వలవగలుగుతున్నాను. అంటే పాత గుడ్డే మంచిదా?
— హాస్టల్ వంటమనిషి, తిరుపతి

మీరు గమనించింది అక్షరాలా నిజం. అప్పుడే పెట్టిన గుడ్డు తెల్లసొనలో కార్బన్ డయాక్సైడ్ నిండి ఉంటుంది. రోజులు గడిచేకొద్దీ అది రంధ్రాల్లోంచి పోయి, సొన క్షారగుణం పెరుగుతుంది. పి.హెచ్. 7.6 నుంచి 9 దాటుతుంది. అప్పుడు తెల్లసొన లోపలి పొరను గట్టిగా అంటుకోదు, పెంకు సుళువుగా వస్తుంది. అయితే అదే మార్పు వల్ల చిక్కటి తెల్లసొన పల్చబడుతుంది. అంటే వలవడానికి అనువైనది వేరు, తాజాది వేరు. ఆమ్లెట్‌కు, హాఫ్ బాయిల్‌కు కొత్తవి వాడండి, ఉడికించడానికి వారం నాటివి వాడండి. కొత్తవే ఉడికించాల్సి వస్తే మరిగే నీళ్లలో వేయండి, తీయగానే చన్నీళ్లలో ముంచండి.

తాజాదనాన్ని కొలవడానికి శాస్త్రవేత్తలు ఇప్పటికీ వాడేది 1937లో రేమండ్ హా రూపొందించిన కొలత. గుడ్డును చదునైన గాజు పలక మీద పగలగొట్టి, చిక్కటి తెల్లసొన ఎంత ఎత్తు నిలిచిందో కొలిచి, గుడ్డు బరువుతో లెక్క కడతారు. అమెరికా లెక్కలో 72, ఆపైన వస్తే మేలురకం. మీరు పళ్లెంలో పగలగొట్టి కూడా అంచనా వేయవచ్చు. పచ్చసొన గుండ్రంగా నిలబడి, దాని చుట్టూ తెల్లసొన గట్టుకట్టి ఉంటే గుడ్డు తాజాది. నీళ్లలో వేసినప్పుడు అడుగున పడుకుంటే కొత్తది, నిలబడితే పాతది. తేలితే లోపల గాలిగది బాగా పెరిగిందన్నమాట, దాన్ని పిల్లలకు పెట్టకండి.

డి.డి.టి. వల్ల పక్షుల గుడ్ల పెంకులు పల్చబడ్డాయని పాఠంలో చదివాం. ఎన్నో ఏళ్ల కిందటి పెంకు మందం ఇప్పటి శాస్త్రవేత్తలకు ఎలా తెలిసింది?
— జువాలజీ విద్యార్థిని, విశాఖపట్నం

చాలా మంచి ప్రశ్న. ఆ పరిశోధన అందమంతా మీరు అడిగిన చోటే ఉంది. 1950లలో బ్రిటన్‌లో పెరిగ్రిన్ డేగల సంఖ్య పడిపోతుండగా, వాటి గూళ్లలో గుడ్లు తల్లి కిందే పగిలిపోయి ఉండటం డెరెక్ రాట్‌క్లిఫ్ అనే ప్రకృతి శాస్త్రవేత్త గమనించారు. బ్రిటన్‌లో పక్షుల గుడ్లు సేకరించే సరదా ఒకప్పుడు చాలామందికి ఉండేది. గుడ్డుకు చిన్న రంధ్రం చేసి, సొన తీసేసి, తేదీ, ఊరు రాసి పెట్టెల్లో దాచేవారు. ఆయన మ్యూజియంలలో, సొంత సేకరణల్లో ఉన్న ఆ పాత పెంకులను పొడవు, వెడల్పు, బరువు కొలిచి ఏడాదుల వారీగా పేర్చి చూశారు. పాత పెంకుల బరువు దశాబ్దాల పాటు నిలకడగా ఉండి, 1940ల చివర్లో ఒక్కసారిగా పడిపోయింది. తగ్గుదల దాదాపు ఐదో వంతు. డి.డి.టి. పొలాల్లోకి వచ్చిన కాలమూ అదే. 1967లో ఆ ఫలితాలు ‘నేచర్’ పత్రికలో వచ్చాయి. మరుసటి ఏడాది హికీ, ఆండర్సన్ అమెరికాలోని సేకరణల్లోనూ అదే జరిగిందని చూపించారు.

డి.డి.టి. విరిగి ఏర్పడే డి.డి.ఇ. అనే పదార్థం పురుగు నుంచి చిన్న పిట్టకు, దాని నుంచి డేగకు చేరేసరికి ఎన్నో రెట్లు పేరుకుపోతుంది. అది పెంకు కట్టే గ్రంథిలోకి కాల్షియం చేరకుండా అడ్డుపడుతుంది. గుర్తుంచుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది: కోళ్ల మీద దాని ప్రభావం దాదాపు కనబడదు. ఒక్క కోడినే పరీక్షించి మందుకు మంచిదని ముద్ర వేసి ఉంటే నిజం బయటపడేదే కాదు. 1972లో అమెరికా డి.డి.టి.ని నిషేధించింది. డేగలు కోలుకున్నాయి. 1999లో అక్కడ పెరిగ్రిన్‌ను ప్రమాదంలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు. సరదాగా దాచిన పెంకులు సాక్ష్యం చెప్పి ఒక జాతిని నిలబెట్టాయి. మీ కళాశాల ప్రయోగశాలలో పాత నమూనాలుంటే, తేదీలు చెరిగిపోకుండా జాగ్రత్త చేయమని మీ అధ్యాపకులకు చెప్పండి.

తల్లికోడి కూర్చున్నా పగలని పెంకును పిల్ల ఎలా పగలగొడుతుంది? మా పిల్లలు అడిగారు. వాళ్లతో చేయించదగిన చిన్న ప్రయోగమేమైనా ఉంటే చెప్పండి.
— ఒక ఉపాధ్యాయుడు, ఖమ్మం జిల్లా

తల్లి బరువు వంపు తిరిగిన పెంకు అంతటా పంచుకుపోతుంది. మంచి గుడ్డు పగలాలంటే సుమారు 3, 4 కిలోల బరువు పడాలి. లోపలినుంచి వచ్చే పిల్లకు మాత్రం పని సులువవుతుంది. 21 రోజుల్లో పిల్ల తన ఎముకల కోసం పెంకు లోపలి వైపు నుంచి కాల్షియం కరిగించి తీసుకుంటుంది. దాని ఒంట్లోని కాల్షియంలో నూటికి 80 పాళ్లు అలా వచ్చిందే. 2018లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ బృందం పెంకును అతి సూక్ష్మంగా పరిశీలించింది. పైవైపు స్ఫటికాల అమరిక మరీ సన్నగా, అందువల్ల గట్టిగా ఉంటుందనీ, పొదిగే రోజుల్లో లోపలి వైపు అమరిక మారి, తేలిగ్గా కరిగిపోయేలా అవుతుందనీ తేల్చింది. అంటే పెంకు పల్చబడటం, పిల్ల ఎముక గట్టిపడటం ఒకేసారి జరుగుతాయి. ఆఖరున ముక్కు చివర ఉండే చిన్న ముల్లుతో పిల్ల పెంకును పొడిచి బయటికి వస్తుంది.

ఇక ప్రయోగం. సగం పెంకును కడిగి, లోపలి పొర జాగ్రత్తగా ఒలిచి, ఆరనివ్వండి. లోపల కొన్ని చుక్కలు నీలి రంగు నీళ్లు పోసి కదపకుండా ఉంచండి. కాసేపటికి బయటివైపు నీలి చుక్కలు మొలుస్తాయి. ఒక్కో చుక్క ఒక్కో రంధ్రం. పిల్లలతో ఒక చదరపు సెంటీమీటరులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టించండి. గుండ్రటి కొనలోనూ కోసుకొనలోనూ విడివిడిగా లెక్కపెడితే తేడా వాళ్లకే తెలుస్తుంది.

ఫిజిక్స్ గదిలో స్క్రూగేజీ ఉంటే, పొర తీసిన పెంకు మందం నడిమి భాగంలో మూడు చోట్ల కొలిపించి సగటు తీయించండి. ఎక్కువగా 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల మధ్య వస్తుంది. ఒకే ఊరి గుడ్లను చలికాలంలోనూ మే నెలలోనూ కొలిచి, కొన్న తేదీ, దుకాణం, మందం నోటుపుస్తకంలో రాయించండి. పరిశోధకులు చేసేదీ ఇదే పని: ఒకే తీరుగా కొలవడం, తేదీతో సహా రాయడం, రెండిటినీ పక్కపక్కన పెట్టి చూడటం. లెక్కలు నాకు పంపితే వచ్చే ఎండాకాలం సంచికలో వాటి గురించి తప్పక రాస్తాను.